పదిహేను వేలలో ఇంటి కాపలా: నిఘా కెమెరాల బేరంలో గమనించవలసినవి

సికింద్రాబాద్: ఒకప్పుడు బ్యాంకులకు, నగల దుకాణాలకు మాత్రమే పరిమితమైన నిఘా కెమెరా ఇప్పుడు మధ్య తరగతి ఇళ్ల సరుకుల జాబితాలో చేరింది. మారేడుపల్లి, సీతాఫల్‌మండి, బోయిన్‌పల్లి, అల్వాల్ వీధుల్లో గేటు మీద దీపం పక్కన కెమెరా కనిపించడం మామూలయింది. పిల్లలు ఉద్యోగాల కోసం దూర దేశాలు వెళ్లగా ఇంట్లో మిగిలిన వృద్ధ దంపతులు, సంక్రాంతికి ఇంటికి తాళం వేసి ఊరు వెళ్లే కుటుంబాలు ఈ సరుకుకు ముఖ్యమైన ఖాతాదారులు. వీరిలో అధిక సంఖ్యాకుల చేతిలో వుండేది పది, పదిహేను వేల రూపాయలు మాత్రమే. ఆ సొమ్ముతో ఏది కొనాలి, ఏది వదులుకోవాలి అన్నదే అసలు ప్రశ్న.

జంటనగరాలలో ఈ సరుకుకు రెండు ప్రధాన కేంద్రాలు వున్నవి. పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఒకటి, కోఠీలోని గుజరాతీ గల్లీ రెండవది. పైపులు, మేకులు, క్లిప్పులు, బిగింపు సామాను కావలసినవారికి రాణిగంజ్ దగ్గర. ఒకే కెమెరాకు నాలుగు దుకాణాలలో నాలుగు ధరలు పలకడం ఈ బజారులో విడ్డూరం కాదు. ధర అడిగే ముందు గ్యారంటీ ఎవరిది, బిల్లు ఇస్తారా, బిగింపు కూలి కలిసి వుందా అని అడిగిన తరువాతనే నాలుగు ధరలను పోల్చడం సాధ్యమవుతుంది.

ధరల మీద ఒత్తిడి

ఈ సరుకు ధర కెమెరా కంపెనీ చేతిలో మాత్రమే లేదు. అందులో రాగి వుంది, జ్ఞాపకశక్తి చిప్పులు వున్నవి, డాలరు మారకం వుంది. 2025 చివరికి ఈ మూడూ ఒకే దిక్కుగా కదిలాయి. లండన్ లోహ విపణిలో రాగి 2025 డిసెంబరులో టన్ను 12,000 డాలర్లు దాటింది. అదే నెలలో రూపాయి విలువ డాలరుకు 90 దాటి పడిపోయింది. కృత్రిమ మేధ కోసం కడుతున్న భారీ కంప్యూటర్ కేంద్రాల కొనుగోళ్ల వల్ల జ్ఞాపక చిప్పులకు కొరత ఏర్పడి వాటి ధరలు ఎగబాకాయి. ఫలితంగా తీగ చుట్ట, మెమరీ కార్డు, హార్డ్ డిస్క్ మూడింటి మీదా భారం పడింది. కెమెరా చవకయి, దాని చుట్టూ వుండే సరంజామా ప్రియమయ్యే పరిస్థితి ఇది. కెమెరా ధర ఒక్కటే చూసి బేరం కుదుర్చుకున్నవారు చివరి బిల్లు చూసి నివ్వెరపోయేది ఇందుకే.

ఇదిలా వుండగా ప్రభుత్వ నిబంధన కూడా సరఫరాను మార్చింది. నిఘా కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2024 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ జారీ చేయగా, అది 2025 ఏప్రిల్ 9 నుంచి అమలులోకి వచ్చింది. కెమెరాలోని సాఫ్ట్‌వేరును ఇతరులు దూరాన వుండి తెరవడానికి వీలుందా లేదా అన్నది ఈ పరీక్షలలో చూస్తారు. అంతకు ముందు నాటి నిల్వ సరుకు తక్కువ ధరకు దొరికితే, ఆ మోడల్ కొత్త పరీక్ష నెగ్గినదేనా అని అడగడం కొనుగోలుదారు హక్కు. దేశీయ తయారీ కూడా పుంజుకుంటున్నది. సి.పి. ప్లస్ పేరుతో కెమెరాలు అమ్మే సంస్థ కర్మాగారం కడప జిల్లా కొప్పర్తిలోనే వున్నది.

రెండు దారులు

తక్కువ ఖర్చుకు రెండు దారులు వున్నవి. మొదటిది వైఫై కెమెరా. రెండు, మూడు వేల రూపాయల మధ్య దొరుకుతుంది. రికార్డింగ్ లోపల పెట్టే మెమరీ కార్డులోనే జరుగుతుంది. గోడకు పెద్దగా రంధ్రాలు అక్కరలేదు. ఇల్లు మారితే విప్పి తీసుకుపోవచ్చు. అద్దె ఇంట్లో వుండేవారికి, ఒకే తలుపున్న అపార్ట్‌మెంటు ఫ్లాటుకు ఇది చాలును. అయితే కెమెరాను ఎత్తుకుపోతే రికార్డు కూడా దానితో పోతుంది. కరెంటు పోతే ఇంటర్నెట్ పెట్టె ఆగుతుంది, దానితో పాటు ఫోనుకు వచ్చే హెచ్చరికా ఆగుతుంది.

రెండవది తీగ కెమెరాలు, డి.వి.ఆర్. అనే రికార్డు పెట్టె, హార్డ్ డిస్క్ కలిసిన ఏర్పాటు. సొంత ఇల్లు, రెండు మూడు ప్రవేశాలు, వెనుక దొడ్డి వున్నవారికి ఇదే నిలకడైన దారి. ఇంటర్నెట్ లేకున్నా రికార్డు ఆగదు.

పదిహేను వేల లెక్క

ఈ రెండవ ఏర్పాటుకు ఒక నమూనా లెక్క వేసి చూడవచ్చు. ధరలు కంపెనీని, రోజును బట్టి మారుతూ వుంటాయి. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు మాత్రమే. 18 శాతం జి.ఎస్.టి. వీటిలో కలిసి వున్నదనుకోవాలి.

రెండు మెగాపిక్సెల్ కెమెరాలు మూడు, ఒక్కొక్కటి రు. 1,300 చొప్పున: రు. 3,900
నాలుగు కెమెరాల సామర్థ్యం గల డి.వి.ఆర్.: రు. 3,500
ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్: రు. 4,500
తీగ, కొనలకు బిగించే కనెక్టర్లు: రు. 1,200
కరెంటు సరఫరా పెట్టె: రు. 700
బిగింపు కూలి: రు. 1,200
మొత్తం: రు. 15,000

ఈ లెక్కలో కెమెరాల వాటా నాలుగో వంతుకు కాస్త పైన మాత్రమే. నాలుగో కెమెరా కావాలంటే డిస్కులోనో తీగలోనో కోత పెట్టాలి. ఆ కోత మంచిది కాదు. డి.వి.ఆర్.లో నాలుగో స్థానం ఖాళీగా వుంటుంది కనుక వచ్చే ఏడాది బోనసు వచ్చినప్పుడు దానిని నింపుకోవచ్చు. మూడు కెమెరాలను గేటు, మెట్లు, వెనుక తలుపు ఈ మూడు చోట్ల పెడితే సామాన్యమైన ఇంటికి సరిపోతుంది.

డిస్కు ఎన్ని రోజులు ఆగుతుంది

తాళం వేసి ఊరు వెళ్లేవారు ముఖ్యంగా చూడవలసినది ఇది. డిస్కు నిండగానే పాత రికార్డు మీద కొత్త రికార్డు ఎక్కుతుంది. రెండు మెగాపిక్సెల్ కెమెరాను సెకనుకు 4 మెగాబిట్ల వేగంతో రికార్డు చేస్తే రోజుకు సుమారు 43 గిగాబైట్లు పడుతుంది. మూడు కెమెరాలకు 130. ఒక టెరాబైట్ డిస్కు ఎనిమిది రోజులు కూడా రాదు. పండుగకు పది రోజులు వెళ్లినవారి ఇంట్లో రెండవ రోజునే దొంగ పడితే, వారు తిరిగి వచ్చేసరికి ఆ రాత్రి రికార్డు చెరిగిపోయి వుంటుంది. పెట్టిన పదిహేను వేలూ అవసరమైన వేళకు పనికిరాకుండా పోతాయన్న మాట.

దీనికి ఖర్చు లేని పరిష్కారం వుంది. హెచ్. 265 అనే కుదింపు పద్ధతి వున్న డి.వి.ఆర్.ను ఎంచుకుంటే అదే బొమ్మ ఇంచుమించు సగం జాగాలో ఇముడుతుంది. సెకనుకు 2 మెగాబిట్లు చాలును. అప్పుడు అదే డిస్కు 15 రోజులు వస్తుంది. బిగించేవారు వెళ్లకముందే ఈ అమరిక చేయించి, రెండు రోజుల తరువాత డిస్కు ఎంత నిండిందో చూసుకోవాలి. కంప్యూటరులో వాడే మామూలు డిస్కు కాక, రాత్రింబవళ్లు తిరగడానికి నిఘా కోసమే తయారైన డిస్కును అడగాలి. పాత కంప్యూటరు నుంచి తీసిన డిస్కు చవకగా దొరికినా పొదుపు కాదు.

తీగలో తిరకాసు

అన్నిటికన్నా ఎక్కువ మోసపోయేది తీగ విషయంలో. రాగి ప్రియమైనకొద్దీ బజారులో రాగి పూత పూసిన అల్యూమినియం తీగకు గిరాకీ పెరుగుతుంది. పైకి రెండూ ఒకటే రంగు. కానీ అల్యూమినియం కరెంటును మోసే శక్తి రాగిలో అరవై శాతం మాత్రమే. పగలు తేడా తెలియదు. రాత్రి కెమెరాలోని కనిపించని పరారుణ దీపాలు వెలగగానే కరెంటు వాడకం పెరుగుతుంది. పొడవైన సన్నని తీగలో 12 వోల్టులు కాస్తా తగ్గిపోయి, బొమ్మ వణకడమో కెమెరా ఆగి ఆగి వెలగడమో జరుగుతుంది. కెమెరా పాడయిందని నింద దాని మీద పడుతుంది. తీగ కొన గీకి చూస్తే తేలిపోతుంది. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి కాదు. బిగించేవారు తెచ్చే తీగను ఒప్పుకునే ముందు ఈ పరీక్ష చేయడానికి అర నిమిషం చాలు.

ఎక్కడ బిగించాలి

ఎనిమిది మెగాపిక్సెల్ కెమెరా కొన్నవారికి కూడా దొంగ ముఖం దొరకక పోవచ్చు. ముఖం గుర్తుపట్టాలంటే బొమ్మలో మీటరు వెడల్పుకు 250 చుక్కలు వుండాలన్నది అంతర్జాతీయంగా పాటించే ప్రమాణం. రెండు మెగాపిక్సెల్ బొమ్మ వెడల్పు 1920 చుక్కలు. అంటే కెమెరా చూసే వెడల్పు ఏడున్నర మీటర్లు దాటితే మనిషి వచ్చాడని తెలుస్తుందే గాని ఎవరో తెలియదు. బజారులో సాధారణంగా ఇచ్చే 2.8 మిల్లీమీటర్ల లెన్సు చాలా వెడల్పుగా చూస్తుంది. దానితో ముఖం తెలిసేది మూడు మీటర్ల దూరం వరకే. గేటు దూరంగా వున్న ఇంటికి 6 మిల్లీమీటర్ల లెన్సు అడగడం మేలు. ధరలో పెద్ద తేడా వుండదు.

కెమెరాను మేడ అంచున ఎత్తుగా పెట్టడం మరొక పొరపాటు. అక్కడి నుంచి తలలు, టోపీలు తప్ప ముఖాలు కనిపించవు. చేతికి అందని ఎత్తు, అంటే రెండున్నర నుంచి మూడు మీటర్లు చాలును. తూర్పు ముఖంగా సూటిగా పెడితే ఉదయపు ఎండకు బొమ్మ తెల్లబోతుంది. వాన తగిలే చోటికి ఐ.పి. 66 లేదా 67 అనే గుర్తు వున్నదే కొనాలి. కోతులు తిరిగే పేటలలో తీగలను పైపులో దూర్చి గోడకు గట్టిగా క్లిప్పులు వేయించకపోతే నెల తిరగకుండానే మళ్లీ కూలి ఇచ్చుకోవాలి. డి.వి.ఆర్.ను హాలులో టి.వి. కింద పెట్టడం దొంగకు అప్పగించినట్లే. గాలి ఆడే అలమారులోనో అటక మీదనో కంటికి ఆనకుండా పెట్టాలి.

ఇక నెలవారీ ఖర్చు స్వల్పం. మొత్తం ఏర్పాటు 30 వాట్లు తీసుకుంటుందనుకున్నా నెలకు 22 యూనిట్లకు మించదు. ఇంట్లో ఇన్వర్టర్ వున్నవారు దానికే కలిపించుకోవాలి.

తాళంచెవి ఎవరి చేతిలో

2016 అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు కొన్ని గంటల పాటు స్తంభించాయి. ఆ దాడికి దుండగులు వాడుకున్నవి ప్రపంచమంతటా ఇళ్లలో, దుకాణాలలో వున్న నిఘా కెమెరాలు, రికార్డు పెట్టెలు, ఇంటర్నెట్ పెట్టెలు. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డును యజమానులు మార్చకపోవడమే వాటి బలహీనత అయింది. బిగించిన రోజునే పాస్‌వర్డు మార్చి, ఖాతాను ఇంటివారి ఫోను నంబరు మీదనే తెరవాలి. బిగించిన కుర్రవాడి ఫోనులో అది మిగిలిపోతే ఇంటి తాళంచెవి అతని జేబులో వున్నట్లే. పడకగదిలో కెమెరా పెట్టకపోవడం అన్నిటికన్నా భద్రమైన పద్ధతి.

పొరుగువారి మాట కూడా ఆలోచించాలి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో తీర్పు చెప్పింది. ఉమ్మడి ఇంట్లో నివాస భాగంలోకి చూసే కెమెరాలను సహ నివాసుల సమ్మతి లేకుండా నడపరాదని 2025లో కలకత్తా హైకోర్టు ఆదేశించింది. ఎదుటి ఇంటి కిటికీ బొమ్మలో పడకుండా కెమెరాను తిప్పడం, లేదా ఆ భాగాన్ని తెర మీద నల్లగా మూసివేయడం వల్ల కేసులు, కలహాలు రెండూ తప్పుతాయి.

రికార్డు సాక్ష్యంగా నిలబడాలన్నా కొంత శ్రద్ధ కావాలి. 2024 జూలై 1 నుంచి అమలులో వున్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఇటువంటి రికార్డుకు ధ్రువపత్రం జతచేయాలి. గడియారం తప్పు చూపే డి.వి.ఆర్. కోర్టులో చిక్కు తెస్తుంది. నెలకొకసారి తేదీ, సమయం సరిచూడాలి. కొనుగోలు బిల్లును, దాని మీద సీరియల్ నంబరును భద్రపరచాలి.

జనం గుమిగూడే దుకాణాలు, సంస్థలు కెమెరాలు పెట్టాలని దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు జరిగిన 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. సొంత ఇళ్లకు అటువంటి నిర్బంధం లేదు. అయితే వీధివారంతా తలా కొంత వేసుకుని వీధి మొగల కెమెరాలు పెట్టుకునే పద్ధతిని పోలీసులు ‘నేను సైతం’ పేరుతో ప్రోత్సహించారు. పది ఇళ్లవారు కలిస్తే ఒక్కొక్కరికి పడే భారం తక్కువ, వీధి రెండు కొనలూ కనిపిస్తాయి. విడిగా మూడు కెమెరాలు పెట్టలేని కుటుంబాలకు ఇది ఆలోచించదగిన దారి.

మొత్తం మీద కెమెరా చూస్తుంది గాని ఆపదు. గట్టి గొళ్లెం, మంచి తాళం, గేటు దగ్గర రాత్రంతా వెలిగే దీపం, ఊరు వెళ్లేటప్పుడు పోలీసు స్టేషనులో ఒక మాట, పక్కింటివారికి మరొక మాట చెప్పడం: వీటి తరువాతనే కెమెరా వరుస. చేతిలో వున్నది రెండు వేలే అయితే ముందు తాళం మార్చుకోవడం లాభసాటి. పదిహేను వేలు వున్నవారు మూడు కెమెరాలు, మంచి తీగ, పదిహేను రోజులు ఆగే డిస్కు కొనుక్కుని, మిగతా ఆకర్షణలను దుకాణంలోనే వదిలి రావడం మేలు.