ఇద్దరిని మోయు మోటారు సైకిలు

ఒంటరిగ పోవునపుడు చురుకుగ నుండు మోటారు సైకిలు, వెనుక మఱియొకరు కూర్చున్నంతనే ఘాటు రోడ్డుపై ఏల నీరసించును? గడచిన వేసవిలో మా యింటివారితో అరకు ఘాటెక్కుచు మేమీ ప్రశ్ననే వేసికొంటిమి. మాది 346 సి.సి. బుల్లెట్టు.

విద్యార్థులారా, చక్రమును త్రిప్పు బలమునకు టార్కని పేరు. ఆ బలము ఎంత త్వరితముగ పనిచేయునో తెల్పునది అశ్వశక్తి. మా ఇంజను నిమిషమునకు 4000 చుట్లు తిరుగునపుడు 28 న్యూటన్ మీటర్ల గరిష్ఠ టార్కు నిచ్చును. కావున ఎక్కుడు దారిలో ముందుగనే తక్కువ గేరు వేసి, ఇంజను వేగము పడిపోకుండ చూడవలెను.

బలము పెంచుటకొక క్రమము గలదు. మొదట గాలి ఫిల్టరు, స్పార్కు ప్లగ్గు, చైను, టైర్ల గాలి చూడవలెను. మా ఫిల్టరు మా అశ్రద్ధచేతనే దుమ్ముతో నిండియుండెను. మార్చగనే బండి తేరుకొనెను. పిమ్మట ముందటి స్ప్రాకెట్టు. 18 పండ్లదానికి బదులు 17 పండ్లది వేసినచో వెనుక చక్రమునకు నూటికి దాదాపు 6 పాళ్ల బలము హెచ్చును. ఆ మేరకు వేగము తగ్గును. సిలిండరును పెద్దది చేయించుట మాత్రము తగదు. నమోదు పత్రములోని వివరములు మాఱునట్లు బండిని మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షను, సామాన్యముగ అనుమతింపదు.

బరువు పెరిగినకొలది బండి నాపుటయు కష్టమే. బ్రేకులు చూడక బలము పెంచుట సగము పనియే. వెనుక కూర్చున్నవారి చేతిలో హ్యాండిలు లేదు, బ్రేకు లేదు. మనయందలి నమ్మకమొక్కటే గలదు.