అట్టడుగున దొరికిన పాట

మృదంగ విద్వాంసునికి చేతులుంటే చాలు. రాక్ సంగీతంలో డ్రమ్ములు వాయించేవానికి కాళ్ళు కూడా కావాలి. పెద్ద డ్రమ్మును ఒక కాలితోను, జోడు తాళాలను రెండవ కాలితోను త్రొక్కి మోగించాలి. ఇంగ్లండులో రాబర్ట్ వయట్ యీ పనిలో ఆరితేరినవాడు.

1945లో బ్రిస్టల్‌లో పుట్టిన వయట్ కొంత తిక్క మనిషి. సాఫ్ట్ మెషీన్ బృందంలో ఉండగా 1969 నాటి రికార్డులో ఇంగ్లీషు అక్షరమాలనే పాటగా పాడాడు. ఒకసారి తిన్నగా, మరొకసారి చివరినుంచి మొదటికి! మన పిల్లలు అలా చదివితే పంతులుగారు బెత్తం అందుకోరూ?

1973 జూన్ 1న లండన్‌లో ఒక విందులో బాగా తాగి, నాలుగో అంతస్తు కిటికీలోనుంచి పడిపోయాడు. ప్రాణం దక్కింది గాని నడుము క్రింది భాగం చచ్చుబడింది. అప్పటికి ఆయన వయస్సు 28 ఏళ్ళు.

ఆ నవంబరులో పింక్ ఫ్లాయిడ్, సాఫ్ట్ మెషీన్ బృందాలు కచేరీ చేసి, వచ్చిన సొమ్ము ఆయనకిచ్చాయి. ఆపదలో చందా వేయడం మనకూ తెలుసు. తర్వాత జరిగిందే విశేషం.

ప్రమాదానికి ముందు వెనిస్‌లో, సహచరి ఆల్‌ఫ్రెడా బెంజ్ కొనిచ్చిన చిన్న కీబోర్డుపై వయట్ కొన్ని వరుసలు కట్టుకున్నాడు. ఆస్పత్రిలో సందర్శకుల గదిలోని పాత పియానో మీద వాటికి మెరుగులు దిద్దాడు. 1974లో విల్ట్‌షైర్ పల్లెలో, ఒక స్నేహితురాలి పొలం దగ్గర రికార్డింగు యంత్రాల బండి నిలిపి పని మొదలుపెట్టారు. పింక్ ఫ్లాయిడ్ డ్రమ్మరు నిక్ మేసన్ నిర్మాత. గిటారుతో మైక్ ఓల్డ్‌ఫీల్డ్, వయోలాతో ఫ్రెడ్ ఫ్రిత్, ట్రంపెట్‌తో దక్షిణాఫ్రికావాడైన మొంగెజీ ఫెజా, తన గొంతుతో స్కాట్లండు కవి ఐవర్ కట్లర్ తోడు నిలిచారు. వయట్ పాడాడు, కీబోర్డు వాయించాడు, చేతులతో సాధ్యమైనంత మేరకు తాళమూ వేశాడు.

ఆ రికార్డు పేరు రాక్ బాటమ్, అనగా అట్టడుగు. 1974 జూలై 26న విడుదలయింది. అదే రోజున వయట్‌కు, ఆల్‌ఫ్రెడాకు పెళ్ళి. అట్టమీది బొమ్మ గీసినది కూడా ఆమే.

ఆ సంవత్సరమే బి.బి.సి. టెలివిజన్‌లో పాడబోతే, చక్రాల కుర్చీ కుటుంబాలు చూడదగినది కాదని కార్యక్రమ నిర్మాత అభ్యంతరపెట్టాడు. వయట్ గట్టిగా పోట్లాడి, ఆ కుర్చీలోనే కూర్చుని పాడాడు. అంతటితో ఆగలేదు. ఒక సంగీత పత్రిక ముఖచిత్రానికి బృందంవారంతా చక్రాల కుర్చీలలోనే కూర్చుని ఫోటో దిగారు.

చందా ఇచ్చే స్నేహం మంచిదే. పక్కనే మరో కుర్చీ వేసుకుని కూర్చునే స్నేహం దొరకడమే అరుదు.