మంచం పక్కన ఒక కుర్చీ

"ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి." మన దగ్గర చాలా కుటుంబాలకు వైద్యం ఈ మాటతోనే ముగుస్తుంది. జబ్బు సంగతిలో ఆ మాట నిజమే కావచ్చు, మనిషి సంగతిలో మాత్రం కాదు. నయం కాని జబ్బులోనూ నొప్పి తగ్గించవచ్చు, ఆయాసం తగ్గించవచ్చు, భయం పోగొట్టవచ్చు. ఈ పనినే ఉపశమన చికిత్స, అంటే పాలియేటివ్ కేర్ అంటారు. ప్రపంచంలో ఏటా 5 కోట్ల 60 లక్షల మందికి పైగా దీని అవసరం పడుతోందనీ, వారిలో 14 శాతం మందికే ఇది అందుతోందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దీనికి కావలసినవి చాలావరకు చవక మందులు, పక్కన కూర్చునే మనుషులు. చివరి రోజుల్లో తోడుండటం వైద్యంలో భాగమే. నేర్పితే ఇరుగుపొరుగు వాళ్లు కూడా నేర్చుకోగలిగిన విద్య అది.

ఈ ఆలోచనకు ఆధునిక వైద్యంలో చోటు కల్పించిన వ్యక్తి సిసిలీ సాండర్స్. 1948లో లండన్‌లో డేవిడ్ టాస్మా అనే పోలండ్ శరణార్థి క్యాన్సర్‌తో చనిపోయాడు. హోటల్లో వడ్డన పని చేసుకుని బతికిన అతనికి నా అన్నవాళ్లు లేరు. ఆఖరి వారాల్లో తన దగ్గర కూర్చుని మాట్లాడిన సాండర్స్‌కు 500 పౌండ్లు ఇచ్చి వెళ్లాడు, చివరి రోజుల్లో ఉన్న రోగుల కోసం ఆమె కట్టబోయే ఇంట్లో తన పేర ఒక కిటికీ ఉండాలని. అప్పటికే నర్సుగా పనిచేసిన ఆమె ఆ తర్వాత డాక్టరీ చదివి, 1967లో ఆ ఇంటిని సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ పేరుతో తెరిచారు. చావుకు దగ్గరైన మనిషి బాధ ఒంటి నొప్పితో ఆగదనీ, పిల్లలేమవుతారన్న దిగులు, డబ్బు చింత, నా బతుకుకు అర్థమేమిటన్న ప్రశ్న అన్నీ అందులో కలిసే ఉంటాయనీ ఆమె చెప్పారు. అన్నీ కలిసిన బాధకు ఒక్క మాత్ర చాలదు.

ఆ సూత్రం మన దేశంలో ఊళ్లలోకి వెళ్లింది కేరళలో. 1993లో కోళికోడ్ వైద్య కళాశాలలో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ తదితరులు ఉపశమన చికిత్స సొసైటీ మొదలుపెట్టారు. మంచం పట్టిన మనిషి ఆసుపత్రికి రాలేడు కాబట్టి ఆసుపత్రే ఇంటికి వెళ్లాలన్నది వాళ్లకు త్వరలోనే అర్థమైంది. కొన్నేళ్లకు ఊరివాళ్లే శిక్షణ తీసుకుని, తలా కొంత చందా వేసుకుని ఈ పని భుజానికెత్తుకున్నారు. పుండ్లు పడకుండా రోగిని రెండేసి గంటలకు పక్కకు తిప్పడం, ఇంట్లో బియ్యం ఉన్నాయో లేవో చూడటం, చెప్పుకునేది ఓపిగ్గా వినడం వాళ్ల పని. 2008లో కేరళ ప్రభుత్వం దీన్ని తన విధానంగా ప్రకటించింది. మరణంపై లాన్సెట్ పత్రిక నియమించిన కమిషన్ 2022 నివేదికలో కేరళను ఆదర్శంగా చూపింది.

"ఉపశమన చికిత్స మొదలుపెడితే ఆశ వదులుకున్నట్టే కదా, మనిషి కుంగిపోడా?" అని ఇంటివాళ్లు భయపడతారు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిపై అమెరికాలో జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనం ఈ భయానికి జవాబు. మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచీ ఉపశమన చికిత్స అందినవారిలో కుంగుబాటు తక్కువగా ఉంది. సగటున వాళ్లు రెండు నెలలకు పైగా ఎక్కువే బతికారు. ఆయుష్షు పెరగడం ప్రతి అధ్యయనంలోనూ కనబడలేదు కానీ, మిగిలిన రోజులు మెరుగుపడతాయన్నది పదేపదే రుజువైంది. నొప్పి తగ్గించే మార్ఫిన్ అలవాటవుతుందన్నది మరో భయం. డాక్టర్ నొప్పికి తగ్గ మోతాదు చూసి, వేళ తప్పకుండా ఇస్తే అది మత్తుమందు కాదు, మందు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం దీన్ని రోగులకు దూరం చేస్తే, 2014 సవరణ దారి కొంత సుగమం చేసింది.

"మేమంతా ఉన్నాంగా, బయటివాళ్లెందుకు?" అనేది మూడో మాట. ఇంటివాళ్ల ప్రేమలో లోటు లేదు, లోటల్లా ఒంట్లో ఓపికలోనూ, తెలియాల్సిన విషయాల్లోనూ. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటే, ఎనభై ఏళ్ల భర్తను డెబ్బై అయిదేళ్ల భార్య ఒక్కతే పక్కకు తిప్పాలి. ఆఖరి రోజుల్లో ఆకలి చచ్చిపోవడం సహజమని తెలియక "ఒక్క ముద్ద తిను" అని బలవంతం చేస్తాం. మింగలేని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అప్పుడు కావలసింది తడి దూదితో పెదాలు తుడవడం, చెయ్యి పట్టుకోవడం, మెల్లగా పేరు పెట్టి పిలవడం. తులసి తీర్థం పోసే చేతులకు ఈ పని కొత్తదేమీ కాదు, కాకపోతే కాస్త ముందుగా మొదలుపెట్టాలి.

అనాయాస మరణం కోరుకునే సంస్కృతి మనది. దాన్ని దేవుడికి వదిలేసి ఊరుకోనక్కర్లేదు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్స విభాగం ఉంది, అదే నగరంలో స్పర్శ్ హాస్పిస్ ఉంది. తెలంగాణ జిల్లా ఆసుపత్రుల్లోనూ కేంద్రాలు వెలిశాయి. వాటి గురించి అడిగి తెలుసుకోండి. మీ వీధిలో మంచం పట్టిన వాళ్లుంటే వారానికి ఒక్క గంట వెళ్లి, మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. ఏం మాట్లాడాలో తెలియకపోయినా ఫర్వాలేదు, వెళ్లండి.