పగటి ఎండా, రాత్రి చలీ... రెండూ కరెంటే!

తమ్ముళ్లకు, ఇదే హాలులో నా పక్కన ట్రంకుపెట్టె పెట్టుకుని చదువుకున్న మిత్రులకు నమస్కారం. సంచికకు ఏదైనా రాయమన్నారు. కవిత్వం నాకు రాదు. అందుకని నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు గురించి రాస్తున్నాను.

మాది అనంతపురం జిల్లా. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. నాయన చీనీ తోట కౌలుకు చేస్తాడు. నీళ్లు ఎప్పుడు వదలాలో తెలుసుకోవాలంటే గడ్డపారతో జానెడు లోతు తవ్వి, మన్ను పిడికిట్లో పిసికి చూస్తాడు. మూడేళ్ల క్రితం ఏదో పథకం కింద కొందరు వచ్చి, నేలలో తేమను కొలిచే సెన్సర్ పాతి వెళ్లారు. నాలుగు నెలలు ఫోనుకు మెసేజులు వచ్చాయి. తర్వాత బ్యాటరీ అయిపోయింది. మార్చడానికి ఎవరూ రాలేదు. ఆ డబ్బా మీద నాయన ఇప్పుడు తుండుగుడ్డ ఆరేస్తాడు.

బ్యాటరీ మార్చే పని లేకుండా అది నడవాలంటే ఎలా? సోలార్ పలక పెడితే పోయేదానికి ఇంత చదువెందుకు అని మీరనొచ్చు. నిజమే, చాలాచోట్ల అదే మేలు. కానీ పలక మీద దుమ్ము పడుతుంది, చెట్టు పెరిగితే నీడ పడుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా దొంగ కంట పడుతుంది. నేలలో పాతింది ఎవరికీ కనబడదు.

1821లో సీబెక్ అనే జర్మన్ శాస్త్రవేత్త రెండు వేర్వేరు లోహాలను చుట్టలా కలిపి, ఒక అతుకును వేడిచేస్తే పక్కనున్న దిక్సూచి ముల్లు కదిలింది. ఆయన అది అయస్కాంత శక్తి అనుకున్నాడు. నిజానికి తీగలో కరెంటు పారింది. వేడిగా ఉన్న కొసలో ఎలక్ట్రాన్లు, మన అన్నం గంట కొట్టినప్పుడు పిల్లల్లాగా, హుషారుగా చల్లని కొస వైపు తోసుకుపోతాయి. 1977లో పంపిన వాయేజర్ నౌకలు కూడా ఈ సూత్రంతోనే, ప్లుటోనియం వేడితో నడుస్తున్నాయి.

బిస్మత్ టెల్యురైడ్ ముక్కలు 127 జతలు పేర్చిన 4 సెంటీమీటర్ల బిళ్ల బజారులో దొరుకుతుంది. రెండు ముఖాల మధ్య ఒక డిగ్రీ తేడా ఉంటే వోల్టులో సుమారు ఇరవయ్యో వంతు ఇస్తుంది.

మే నెల మధ్యాహ్నం బోడి నేల పైభాగం 55 డిగ్రీలు దాటుతుంది. అడుగు లోతున చాలా చల్లగా ఉంటుంది. పైన నల్లరంగు వేసిన రేకు, దాని కింద బిళ్ల, బిళ్ల నుంచి అడుగు లోతుకు అల్యూమినియం కడ్డీ, చుట్టూ థర్మాకోల్. ఇంతే నా యంత్రం.

"ఎండకు సరేరా, రాత్రికి దానికి మేతేది?" అన్నాడు నాయన.

రాత్రి పైనేల చల్లబడుతుంది, లోపలి నేల ఇంకా వెచ్చగానే ఉంటుంది. వేడి కింది నుంచి పైకి పారుతుంది, కరెంటు తిరగబడుతుంది. ఎటు నుంచి వచ్చినా తీసుకుని వోల్టేజీ పెంచే చిప్ వాడాలి. పొద్దునా సాయంత్రం పైనా కిందా వేడి సమానమయ్యే వేళ మాత్రం ఏమీ రాదు. అప్పటికి సూపర్ కెపాసిటర్‌లో దాచుకున్నదే దిక్కు.

వచ్చేదెంత? నేలే చాలా వేడిని అడ్డుకుంటుంది కనుక బిళ్లకు దక్కేది రెండు డిగ్రీల తేడా అనుకోండి. చిప్‌లో పోయింది పోగా అర మిల్లీవాట్ కూడా మిగలదు. సెల్‌ఫోను చార్జింగుకు పనికిరాదు. కానీ సెన్సర్ గంటలో 59 నిమిషాలు నిద్రపోయి, ఒక్క క్షణం లేచి తేమ చూసి మెసేజ్ పంపితే ఆ కాస్తా చాలు.

మొదటిసారి గుంతలో మన్ను వదులుగా పోసి నవ్వులపాలయ్యాను. మధ్యలో గాలి నిలిచి వేడి పారలేదు. తడిపి దిమ్మిస్తే సరిపోయింది. అసలు చిక్కు వేరే ఉంది. మన్ను ఎండేకొద్దీ వేడి బాగా పారదు. అంటే చెట్టుకు నీళ్లు కావలసినప్పుడే సెన్సర్‌కు కరెంటు తగ్గుతుంది! అందుకే నిల్వ తగ్గితే మూడు గంటలకొకసారి మాత్రమే పంపేలా ప్రోగ్రాం మార్చాను. పూర్తి పరిష్కారం ఇంకా దొరకలేదు.

నాయన మెసేజ్ చూసుకుని కూడా గడ్డపార తీసుకుపోతాడు. ఇప్పటిదాకా రెండు లెక్కలూ కలుస్తున్నాయి.

ఈసారి వచ్చేటప్పుడు ఒక బిళ్ల తెస్తాను. ఒకవైపు వేడి టీ గ్లాసు, ఇంకోవైపు తడిగుడ్డ పెట్టండి. మల్టీమీటరు ముల్లు మీ కళ్ల ముందే కదులుతుంది.