మెనోపాజ్ తర్వాత ఎముకలు గుల్లబారాయా? కారణం వయసొక్కటే కాదు!

నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గి ఎముకలు పలచబడతాయి. కానీ కొందరిలో అసలు కారణం వేరే ఉంటుంది. థైరాయిడ్ ఎక్కువవడం, పారాథైరాయిడ్ సమస్య, విటమిన్-డి లోపం, కిడ్నీ జబ్బు, నెలల తరబడి వాడే స్టెరాయిడ్ మాత్రలు.. ఇవన్నీ ఎముకను దెబ్బతీసేవే. వీటిలో చాలావరకు రక్త, మూత్ర పరీక్షల్లోనే బయటపడతాయి.

తర్లుపాడు, మార్కాపురం వైపు అయితే ఇంకో ప్రశ్న కూడా ఉంది. తాగేది ఏ నీళ్లు? ఆ ప్రాంతపు బోర్లలో ఫ్లోరైడ్ పాత సమస్యే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగడానికి పనికిరావు. ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లకు స్కాన్‌లో వెన్నెముక గట్టిగా ఉన్నట్టే కనిపించొచ్చు. లోపల మాత్రం పెళుసుబారి ఉంటుంది.

అందుకే కాలు జారి పడితేనే మణికట్టో, తుంటో విరిగిందంటే కాల్షియం మాత్రలతో సరిపెట్టుకోవద్దు. కారణం తేల్చమని డాక్టర్‌ను అడగండి. ఏ నీళ్లు తాగుతున్నారో కూడా చెప్పండి.