నొప్పి తెలియని పుండు



కరీంనగరము సీమలో తాటివనములకు కొదువ లేదు. మోకు జారి తాటిచెట్టు మీదినుండి పడి వెన్ను విరిగిన గీతవృత్తివారిని మన గ్రామములలో చూచుచునే యున్నాము. గోదావరిఖని, మంచిర్యాల ప్రాంతపు బొగ్గుగనులలో పైకప్పు కూలి మీదపడుటయు నట్టి యాపదయే. 2024వ సంవత్సరమున ప్రభుత్వము చెట్టెక్కువారికి ‘కాటమయ్య రక్షణ కవచము’ను పంచ నారంభించినది. అది పడకుండ కాచును. పడినవానిని కాచుట యింటివారి పని.

మా పొరుగున నట్లు పడిన యువకు డొకడు గలడు. ప్రాణము దక్కినదని యిల్లంతయు దేవునికి మ్రొక్కినది. మూడవ మాసమున నడుము క్రింద అరచేతి యంత పుండు బయటపడినది. “నొస్తున్నదని ఒక్కనాడన్న చెప్పకపాయె గదమ్మా!” అని తల్లి మాకడ వాపోయినది. ఎట్లు చెప్పును? వెన్నుపాము దెబ్బతిన్నచోటికి క్రిందినుండి మెదడునకు వార్త పోదు. మనము నిద్రలో సయితము తెలియకయే ఒత్తిగిలుదుము. అతని కట్లు కదలుమని చెప్పు నొప్పియే లేదు. ఎముకకును పడకకును నడుమ నలిగిన చర్మమునకు రక్తమాడక, కొన్ని గంటలలోనే అది చచ్చుట కారంభించును. పైకి చిన్న మచ్చయే యున్నను లోన మాంసము చెడి యుండవచ్చును. ఆసుపత్రినుండి పంపునపుడు ఈ సంగతి వారి కెవ్వరును చెప్పలేదట.

పూర్వ మిట్టివారిలో పెక్కుమంది పుండ్లవలనను మూత్రకోశవ్యాధులవలనను మరణించెడివారు. 1944లో ఇంగ్లండునందలి స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గట్‌మన్ అను వైద్యుడు రాత్రింబవళ్లు రెండు గంటల కొకసారి రోగులను ప్రక్క మార్పించి వారిని బ్రదికించెను. దీనికి ధనము ఖర్చుకాదు, నిద్ర ఖర్చగును. ఆ నిద్ర యెవరిది? నడిరేయి వంతు ఎల్లప్పుడును భార్యకో తల్లికో పడుటయే మేము చూచితిమి. అన్నదమ్ములకు చేతులు లేవా?

తిప్పుటలోను నేర్పు కావలెను. తుంటి యెముకపై నిలువుగా పరుండబెట్టక, వీపువెనుక దిండానించి కొంచెము వాలుగా నుంచవలెను. మోకాళ్ల నడుమ నొక దిండు, మడమలు పడకకు తగులకుండ పిక్కల క్రింద నొకటి. ఈడ్వరాదు, ఇద్దరు దుప్పటితో నెత్తవలెను. దూదిపరుపు గడ్డకట్టినచో ఏకించవలెను. గాలిపరుపున్నను ప్రక్కమార్పు మానరాదు. కుండక్రింది చుట్టకుదురువలె గుడ్డచుట్టపై కూర్చుండబెట్టుట మేలని కొందరందురు. అది చుట్టుప్రక్కల రక్తము నాపి కీడే చేయును.

ఉదయము, రాత్రి ఒడలంతయు చూడవలెను. మన చామనచాయ మేనులపై ఎరుపు తెలియకపోవచ్చును. తక్కినచోటికంటె నల్లబడినను, వేడిగా, గట్టిగా తగిలినను అనుమానింపవలెను. అచ్చట నూనె మర్దన వలదు. రంగు మామూలగువరకు ఆ ప్రక్క బరువు పడనీయరాదు. చర్మము చిట్లెనా, పసుపు, బూడిద అద్దక వెంటనే వైద్యునికి చూపవలెను.

చక్రాలకుర్చీలో కూర్చుండువాడు అరగంట దాటకుండ ముందుకు వంగి రెండు నిమిషములు పిరుదులపై బరువు తీయవలెను. రామగుండము, ఆదిలాబాదు ఎండలలో చెమటకు, మూత్రపు తడికి చర్మము నానును గనుక బట్టలు వెంటనే మార్చవలెను. జొన్నరొట్టెతో పప్పు, పెరుగు, తినువారికి గ్రుడ్డు తప్పక పెట్టవలెను. బీడీ రక్తనాళములను కుదించును. పరామర్శకు వచ్చినవారు దానినే కానుకగా తెచ్చుట మాకు కష్టముగా నున్నది.

ఆ యువకుని పుండు మానుటకు ఏడు నెలలు పట్టినది. ఇప్పు డతని దిండుక్రింద చిన్న అద్దమున్నది. ఒడలు తానే చూచుకొనును. రాత్రి సెల్లుఫోను గంట మ్రోగగానే తల్లిని లేపడు. “తమ్మీ, లెవ్వు” అని తమ్ముని పిలుచును.