కథలలోని మంత్రము, ఆటలోని మంత్రము

సనత్‌నగరు ప్రాంతమునుండి వచ్చు మన విద్యార్థులలో కొందరు బల్లచుట్టు గూర్చుండి యొక క్రొత్త ఆట నాడుచున్నారు. ఒకడు కథ చెప్పుచుండ, తక్కినవారు తాము వీరులమనియు మాంత్రికులమనియు భావించుకొని, పాచికలు వేయుచు దానిని ముందునకు నడుపుదురు. ఇది మంత్రవిద్యయా యని కొందరు తలిదండ్రులు మమ్ము ప్రశ్నించిరి. కావున కథలలోని మంత్రమునకును ఈ ఆటలోని మంత్రమునకును గల భేదమును వివరింప నుద్దేశించితిమి.

‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఈ ఆటను 1974వ సంవత్సరమున అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ప్రకటించిరి. ఇందు మంత్రమునకు లెక్క కలదు. తొలి నియమముల ప్రకారము ప్రథమశ్రేణి మాంత్రికుడు దినమున కొక్క మంత్రమునే ధారణ చేయగలడు. ప్రయోగించిన వెంటనే అది యతని మనస్సునుండి తొలగిపోవును. ఈ భావము జాక్ వాన్స్ అను రచయిత 1950లో ప్రకటించిన ‘ది డయింగ్ ఎర్త్’ అను గ్రంథమునుండి గ్రహింపబడినది.

ఇట్టి కట్టడి మన కథలకు క్రొత్త కాదు. భారతమున ఇంద్రుడు కర్ణున కొసగిన శక్తి యొక్కమారే ప్రయోగింపదగినది. అర్జునునికై దాచుకొనిన దానిని కర్ణుడు ఘటోత్కచునిపై వేయవలసివచ్చెను. 1951లో వెలువడిన ‘పాతాళభైరవి’ చలనచిత్రమున ప్రతిమ యెవరి చేతనున్న వారి కోరికనే తీర్చును. అది మాంత్రికుని చేజిక్కగనే నాయకుని వైభవమంతయు మాయమయ్యెను.

భేద మెక్కడ ననగా, కథలో ఆ హద్దు ఎప్పుడు అడ్డుపడవలెనో రచయిత నిర్ణయించును. మనము చదివి చింతింతుము. ఆటలో హద్దు ముందే తెలిసియుండును. ఉన్న యొక్క మంత్రమును ఇప్పుడే వాడుటయా, మిత్రుని యాపదకై దాచుటయా యనునది బాలుడే నిశ్చయింపవలెను. కర్ణుని సంకటము వాని చేతికి వచ్చును.

తలిదండ్రుల భయమును మేము తేలికగా జూడము. 1980వ దశకమున అమెరికాలో క్రైస్తవులు పలువురు ఈ ఆటను ఖండించిరి. అయినను ఇందలి మంత్రము కాగితముపై నొక గురుతు, పాచికపై నొక సంఖ్య మాత్రమే. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో గారడీ చేయు సీమోను దేవుని వరమును ద్రవ్యముతో కొనజూచి పేతురుచే గద్దింపబడెను. మనము నిజముగా భయపడవలసినది ఆ యాశకే. ఆటలోని శక్తి కొలిచి వ్యయపరుపబడునది. దేవుని కృప కొలతకు లోబడదు, వెలకు రాదు. ఈ భేద మెరిగిన బాలునికి ఆట ఆటగానే యుండును. చదువును ప్రార్థనను మరపించునంత కాలము మాత్రము దాని కీయరాదు.

తలిదండ్రులారా, ఒకసారి మీ పిల్లల ప్రక్కన గూర్చుండి ఆ కథ వినుడు. మాన్పింపవలెనో వలదో పిమ్మట నిర్ణయింపుడు.